అసకుసా: ఆటలపేటలో కాపురం

టోక్యో చూడ్డానికి వచ్చేవాళ్లు అసకుసాకి ఒక పూట కేటాయిస్తారు. పొద్దున్నే మెట్రో దిగి, ఎర్రటి పెద్ద లాంతరు వేలాడే కామినారిమొన్ ద్వారం దగ్గర ఫొటోలు దిగి, నకామిసె అంగళ్ల మధ్య నడిచి, సెన్‌సోజి గుడిలో దణ్ణం పెట్టుకుని మధ్యాహ్నానికల్లా వెళ్లిపోతారు. ఆ గుడి చుట్టూ ఉన్న పేట సంగతి వాళ్లకి తెలియకుండానే ఉండిపోతుంది. కొన్ని వందల ఏళ్లుగా ఆ మహానగరపు సామాన్య జనం నవ్వడానికీ, ఏడవడానికీ, తాగడానికీ, నాటకం చూడ్డానికీ వచ్చిన చోటు అది. ఇప్పటికీ అక్కడ ఆట ఆడుతోంది, ఇప్పటికీ అక్కడ మనుషులు కాపురాలుంటున్నారు. నేను ఒక చలికాలమంతా ఆ పేటలో అద్దెకున్నాను. తరువాత సంజా ఉత్సవం చూడ్డానికి మే నెలలో మళ్లీ వెళ్లాను.

గది గుడి వెనక సందులో, ఒక పాత మేడ మీద. కిటికీ తీస్తే హనయాషికి పార్కు కనిపించేది. 1853లో పూలతోటగా మొదలైన పార్కు అది. అందులో 1953లో పెట్టిన రోలర్ కోస్టర్, జపాన్‌లో ఇంకా నడుస్తున్నవాటిలో అన్నిటికంటే పాతది. చోటు ఇరుకు కాబట్టి పట్టాలు ఇళ్లని రాసుకుపోతున్నట్టే ఉంటాయి. చక్రాల గరగర, ఆ వెనకే పిల్లల కేకలు. ఎదురు మేడ మీద బట్టలు ఆరేసుకునే ఆవిడ తలెత్తి కూడా చూసేది కాదు. సాయంత్రం పార్కు మూసేస్తే చప్పుడు ఆగేది. ఆ తరువాత వంటగిన్నెల చప్పుడూ, టీవీల చప్పుడూ వినిపించేవి.

ఈ పేటకి మూలం గుడి. క్రీ.శ. 628లో ఇద్దరు అన్నదమ్ములు సుమిదా నదిలో చేపలు పడుతుంటే వలలో కన్నోన్ విగ్రహం పడిందని స్థలపురాణం. కన్నోన్ అంటే మన దేశం నుంచి చైనా మీదుగా అక్కడికి వెళ్లిన అవలోకితేశ్వరుడే. ఊరిపెద్ద తన ఇంటినే ఆ విగ్రహానికి గుడి చేశాడంటారు. ఆ అన్నదమ్ములనీ, ఆ పెద్దనీ పక్కనే ఉన్న షింతో గుడిలో దేవుళ్లుగా కొలుస్తారు. మే నెలలో జరిగే సంజా ఉత్సవం ఆ ముగ్గురిదే.

గుడి ఉన్నచోటికి జనం వస్తారు, జనం వచ్చిన చోట అంగడి వెలుస్తుంది, అంగడి పక్కన ఆట మొదలవుతుంది. మన తిరణాళ్లలో చూసేది ఇదే. అసకుసాలో తిరణాల ఏడాది పొడుగునా నిలిచిపోయింది. నకామిసె పుట్టుక వింటే నాకు ముచ్చటేసింది. 17వ శతాబ్దం చివర్లో, గుడి ఆవరణ ఊడ్చి శుభ్రం చేసే బాధ్యత చుట్టుపక్కల ఇళ్లవాళ్ల మీద ఉండేది. దానికి బదులుగా గుడికి వెళ్లే దారిలో అంగళ్లు పెట్టుకోవడానికి వాళ్లకి అనుమతి దొరికింది. ఇప్పుడు 250 మీటర్ల వీధిలో 90 దాకా దుకాణాలున్నాయి. చీపురు పట్టిన చేతులకి దక్కిన వీధి అది.

ఆటలన్నీ ఇక్కడికే చేరడానికి ఇంకో కారణం ప్రభుత్వం. అప్పట్లో టోక్యో పేరు ఎడో. పాలకులకి కంటగింపుగా ఉన్నవాటిని ఊరి అంచుకి తోసేసేవారు. 1657లో మెయిరెకి అగ్నిప్రమాదం నగరాన్ని కాల్చేశాక, యోషివరా వేశ్యావాటికని అసకుసా ఉత్తరాన పొలాల్లోకి పంపారు. 1842లో దుబారా మీద, విలాసాల మీద ఆంక్షలు పెట్టినప్పుడు నగరం నడిబొడ్డున ఉన్న కబుకి నాటకశాలల్ని కూడా గుడి వెనక సరువాకా-చోకి తరిమారు. అణచడానికి చేసిన పని ఈ పేటకి కళగా మారింది. నాటకశాలలతో పాటే నటులు, తెరలు రాసేవాళ్లు, టీ దుకాణాలవాళ్లు, అందరూ ఇక్కడికే కాపురాలు మార్చారు.

యోషివరా గురించి చెప్పేటప్పుడు రంగుల బొమ్మలు చూపించి ఊరుకోవడం నాకు న్యాయంగా తోచదు. అక్కడి ఆడపిల్లల్లో ఎక్కువమంది పేద కుటుంబాలు అప్పుకింద అమ్మేసినవాళ్లు. చనిపోతే అయినవాళ్లెవరూ రాని పిల్లల శరీరాల్ని మినోవాలోని జోకాన్‌జి గుడి దగ్గర వదిలేసేవారు. అక్కడ పాతిక వేల మంది వరకూ ఉన్నారంటారు. ఒక ఉదయం నడుచుకుంటూ వెళ్లి వాళ్ల స్మారకం ముందు నిలబడ్డాను. ఎవరో పెట్టిన పూలున్నాయి, పక్కన ఒక దువ్వెన. వ్యభిచార నిరోధక చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చింది 1958లో. వినోదం పేరున ఒక నగరం ఎవరి బతుకుల్ని ఖర్చు పెట్టిందో తెలుసుకోకుండా ఈ పేట చరిత్ర చదివితే సగమే చదివినట్టు.

మెయిజీ కాలంలో, 1873లో, గుడి భూములు పార్కు అయ్యాయి. 1884లో ఆ పార్కుని భాగాలు చేసినప్పుడు ఆటలకిచ్చింది ఆరో భాగం. దాని పేరే రోక్కు. 1890లో అక్కడ ర్యోఉన్‌కకు లేచింది. పన్నెండు అంతస్తుల బురుజు. అప్పటి టోక్యోలో అంత ఎత్తు కట్టడం ఇంకొకటి లేదు. నమూనా గీసింది బర్టన్ అనే స్కాట్లండ్ ఇంజనీరు, నీటి సరఫరా పనుల కోసం జపాన్ పిలిపించుకున్న మనిషి. దేశంలో మొదటి విద్యుత్ లిఫ్టు అందులోనే పెట్టారు. ప్రమాదమని దాన్ని కొన్ని నెలల్లోనే ఆపించేశారు. జనం మెట్లెక్కేలా చెయ్యడానికి యజమానులు దారి పొడుగునా వందమంది గెయిషాల ఫొటోలు తగిలించి, అందులో అందగత్తె ఎవరో ఓటెయ్యమన్నారు. 1903లో దెంకికాన్ తెరుచుకుంది. జపాన్‌లో సినిమాల కోసమే నడిచిన మొట్టమొదటి హాలు అది. 1927 డిసెంబరు 30న ఆసియాలో మొదటి భూగర్భ రైలు ఉయెనో నుంచి అసకుసాకే నడిచింది. కొత్తది ఏదైనా ముందు ఇక్కడికి రావలసిందే.

మూకీల రోజుల్లో తెర పక్కన నిలబడి కథ చెప్పే బెన్షీలకి హీరోలని మించిన పేరుండేది. మన దగ్గరా మూకీ బొమ్మలకి వ్యాఖ్యాతలుండేవాళ్లు. జపాన్‌లో అదొక మహావృత్తిగా ఎదిగింది. టాకీలు రాగానే వాళ్ల బతుకు తెల్లారిపోయింది. దర్శకుడు అకిరా కురోసావా అన్నగారు హెయ్‌గో కూడా బెన్షీయే. ఉద్యోగాలు పోతున్న బెన్షీల తరఫున సమ్మెలో నిలబడ్డాడు. సమ్మె ఓడిపోయింది. 1933లో ఆయన ప్రాణం తీసుకున్నాడు. ఆ రోజుల్లోనే యువ రచయిత యసునారి కవబాతా ఈ వీధులు తిరిగి, 1929లో పత్రికలో ‘అసకుసా కురెనాయిదాన్’ సీరియల్‌గా రాయడం మొదలుపెట్టాడు. దాని వల్లే కాజినో ఫోలీ అనే చిన్న హాస్యనాటక బృందానికి జనం ఎగబడ్డారని చెబుతారు. ఆ కవబాతాకే 1968లో నోబెల్ వచ్చింది.

ఇంత వైభవమూ రెండుసార్లు బూడిదైంది. 1923 సెప్టెంబరు 1న భూకంపం వచ్చినప్పుడు బురుజు పైభాగం విరిగి పడింది. మిగిలినదాన్ని సైన్యం పేల్చేసింది. చుట్టూ అంతా తగలబడినా సెన్‌సోజి గుడి మాత్రం నిలిచింది. దానితో పుట్టిన నమ్మకమే 1945 మార్చి 10 రాత్రి ప్రాణాల మీదికి తెచ్చింది. అమెరికన్ విమానాలు నిప్పు బాంబులు కురిపిస్తుంటే, ఈ గుడి కాలదని జనం గుడి వైపే పరిగెత్తారు. గుడి కాలిపోయింది. పక్కనే కొతొతొయి వంతెన మీద ఇటునుంచి అటు, అటునుంచి ఇటు పారిపోయే జనం ఎదురెదురుగా ఇరుక్కుపోయి నిలబడ్డచోటే దహనమైపోయారు. ఆ ఒక్క రాత్రి టోక్యోలో చనిపోయినవాళ్లు సుమారు లక్షమంది. మా ఇంటి యజమానురాలికి డెబ్బై దాటాయి. వాళ్లమ్మ ఆ రాత్రి గుంపుతో పోకుండా ఉయెనో గుట్ట వైపు పరిగెత్తడం వల్ల బతికిందట. మార్చి 10న నన్ను వంతెన దగ్గర స్మారకశిల దాకా తీసుకెళ్లింది. అగరొత్తులు వెలిగించి, చేతులు జోడించి, తిరుగుదారిలో సాయంత్రం కూరకి ముల్లంగి కొంది. నాకు ఆవిడ చేసిన ఆ రెండు పనులూ ఒకటిగానే కనిపించాయి.

తరువాత గుడి కట్టుకోవాలంటే డబ్బు కావాలి. పార్కు నడుమ ఒక చెరువుండేది. బురుజు నీడ అందులో పడే పాత పోస్టుకార్డులు ఇప్పటికీ దొరుకుతాయి. 1951లో ఆ చెరువుని పూడ్చి, స్థలం అమ్మి గుడి నిధికి వాడారు. 1958లో ప్రధాన మందిరం, 1973లో ఐదంతస్తుల గోపురం కాంక్రీటుతో మళ్లీ లేచాయి. 1865లో కాలిపోయి తొంభై అయిదేళ్లు లేకుండా ఉన్న కామినారిమొన్‌ని 1960లో పానసోనిక్ స్థాపకుడు కొనోసుకె మత్సుషితా కట్టించి ఇచ్చాడు. గుడి వెనక కబుకి మహానటుడు తొమ్మిదో దంజూరో విగ్రహం ఉంది. యుద్ధంలో లోహం కోసం దాన్ని కరిగించేస్తే 1986లో మళ్లీ పోతపోసి నిలబెట్టారు. కాలిన గుర్తులు ఇంకా మోస్తున్నవి ఆవరణలోని పాత గింకో చెట్లే. మొద్దులో నల్లబడిన తొర్ర, దాని పక్కనుంచే కొత్త కొమ్మలు.

నిప్పుకి లొంగని పేటని దెబ్బతీసింది టీవీ. 1960ల నుంచి జనం ఇళ్లలో కూర్చోవడం మొదలుపెట్టారు. కుర్రకారు షిన్‌జుకుకీ, షిబుయాకీ మళ్లారు. రోక్కులో సినిమా హాళ్లు ఒక్కొక్కటే మూతపడి, చివరివి 2012లో పోయాయి. అదే ఏడాది నదికి అవతల 634 మీటర్ల స్కైట్రీ తెరుచుకుంది.

అయినా ఆట ఆగలేదు. 1964 నుంచి నడుస్తున్న అసకుసా ఎంగేయ్ హాలులో ఏడాది పొడుగునా రకుగో, అంటే కూర్చుని కథ చెప్పే ఆట, ఉంటుంది. పదిరోజులకోసారి కార్యక్రమం మారుతుంది. కథకుడు మెత్త మీద మోకాళ్ల మీద కూర్చుంటాడు. చేతిలో ఒక విసనకర్ర, ఒక తువ్వాలు, అంతే. మూసిన విసనకర్రని చాప్‌స్టిక్స్‌లా పట్టుకుని, లేని గిన్నెలోంచి లేని నూడుల్స్ పీలుస్తుంటే నా ముందు వరుసలో పెద్దాయన గుటక మింగాడు. ఆ భవనంలోనే పై అంతస్తులో ఒకప్పుడు ఫ్రాన్స్-జా ఉండేది. నగ్న నృత్యాల మధ్య విరామంలో హాస్యనాటికలు వేసే హాలు. 1970ల మొదట్లో అక్కడ లిఫ్టు నడిపే కుర్రాడిగా చేరి, ఫుకమి సెంజబురో అనే హాస్యనటుడి దగ్గర పని నేర్చుకున్నవాడే తకేషి కితానో. తరువాత ప్రపంచం మెచ్చిన దర్శకుడయ్యాడు. ఇంకో వీధిలో మొకుబాతేయ్ అనే చిన్న హాలులో, నెల మొదటివారం షమిసెన్ వాద్యం తోడుగా రోక్యోకు గాథలు పాడతారు. హరికథ విన్న చెవికి అది పరాయి పాట అనిపించదు.

నాకు అన్నిటికంటే దగ్గరైంది మాత్రం దాని పై అంతస్తులో మొకుబాకాన్. అక్కడ ఆడేది తైషూ ఎంగేకి, అంటే ఊరూరూ తిరిగే కుటుంబ నాటక సమాజాల ఆట. ఒక్కో సమాజం ఒక హాలులో నెల రోజులుండి, దాదాపు రోజుకో నాటకం మార్చి, సామానంతా సర్దుకుని ఇంకో ఊరికి వెళ్లిపోతుంది. సమాజం పెద్ద, ఆయన భార్య, కొడుకులు, కోడళ్లు, మాటలు సరిగ్గా రాని మనవడు, అందరూ వేషం కట్టేవాళ్లే. సురభి వాళ్ల నాటకాలు చూస్తూ పెరిగిన నాకు తెర లేవగానే గొంతుకేదో అడ్డం పడింది.

ఆ రోజు నాటకంలో ఇల్లొదిలి పోయిన జూదగాడు ఏళ్ల తరువాత తల్లిని వెతుక్కుంటూ వస్తాడు. తల్లి గుర్తుపట్టదు, గుర్తుపట్టాక కూడా, పరువుకి భయపడి నువ్వెవరో తెలియదంటుంది. మాటలు నాకు సగమే అందాయి. అందని సగం పక్కన కూర్చున్న యజమానురాలి రుమాలు చెప్పింది. విరామంలో చుట్టూ పెద్దవాళ్లంతా డబ్బాలు విప్పారు. అన్నం ముద్దలు, ఊరగాయ ముక్కలు. తరువాత నాట్యాలు. కొడుకు వేషం వేసిన కుర్రాడే ఈసారి ఆడవేషంలో, తెల్లటి పూతతో, మెడ వెనక దాకా వెన్నముద్దలా మెరుస్తూ వచ్చాడు. ముందు వరుసలో ఒకావిడ లేచింది. పదివేల యెన్‌ల నోట్లు విసనకర్రలా పేర్చి, పిన్నుతో గుచ్చి, అతని కిమోనో గుండె దగ్గర తగిలించింది. అతను ఆట ఆపకుండానే వంగి, ఆవిడ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని వదిలాడు. ఆట అయ్యాక సమాజమంతా వేషాలతోనే మెట్ల దగ్గర నిలబడి, దిగిపోతున్న ఒక్కొక్కళ్లకీ దణ్ణం పెట్టి సాగనంపింది. మూడేళ్ల మనవడు కూడా. యజమానురాలు వాడి బుగ్గ నిమిరి ఏదో అంది. పోయిన ఏడాది కంటే ఎదిగావు అందిట. వాణ్ని ఆవిడ ఏటేటా చూస్తోంది.

అప్పుడు నాకు ఈ పేట గుట్టు తెలిసింది. నాటకాన్ని నిలబెడుతున్నది ఒకసారి వచ్చి వెళ్లే మాలాంటి వాళ్లం కాదు. నడిచి వచ్చేంత దూరంలో కాపురమున్న ఆ పెద్దవాళ్లు. వాళ్లకి నటుడి పేరు తెలుసు, పోయినసారి వేసిన వేషం గుర్తుంది, నచ్చకపోతే మొహం మీదే చెబుతారు. కళకి అలాంటి ఇరుగుపొరుగు కావాలి.

ఆ ఇరుగుపొరుగుని కట్టి ఉంచేది చోకై, అంటే వీధి సంఘం. చెత్త ఏ రోజు ఏది బయట పెట్టాలో, ఎవరింట్లో చావు జరిగిందో, ఉత్సవానికి చందా ఎంతో, అన్నీ చేతులు మారే ఒక అట్ట ఫైలులో ఇంటింటికీ తిరుగుతాయి. చలికాలం రాత్రుళ్లు నలుగురైదుగురు పెద్దలు సందుల్లో నడుస్తూ రెండు చెక్కలు టక్ టక్ మని కొట్టి, నిప్పు జాగ్రత్త అని కేకేస్తారు. రెండుసార్లు కాలిన ఊరికి ఆ కేక విలువ తెలుసు. కబుకిలో తెర తీసే ముందు కొట్టే చెక్కలూ అలాంటివే. రాత్రి దుకాణాలు కట్టేశాక నకామిసెలో నడవడం నాకు అలవాటైంది. దించిన షట్టర్ల మీద ఈ పేట ఉత్సవాలూ, ఋతువులూ వరసగా చిత్రించి ఉంటాయి. పగలు వచ్చేవాళ్లకి ఆ బొమ్మలు కనిపించవు.

మే నెలలో సంజా ఉత్సవానికి మళ్లీ వెళ్లినప్పుడు ఆ అట్ట ఫైలుకున్న బలం చూశాను. శనివారం 44 వీధి సంఘాలు సుమారు వంద పల్లకీలని భుజాలకెత్తుకున్నాయి. ఆదివారం తెల్లవారుజామున గుడిలోంచి దేవుళ్ల మూడు పెద్ద పల్లకీలు బయల్దేరాయి. ఒక్కోటి టన్ను దాకా బరువు. చెత్త ఏ రోజు ఏది పెట్టాలో చలికాలంలో నాకు నేర్పిన మా వీధి చేపల అంగడాయన, నీలం అంగీ మీద వీధి పేరుతో, భుజం మీద తువ్వాలు మడిచి, కర్ర కింద దూరాడు. సోయా, సోయా అనే అరుపుతో పల్లకీ కిందికీ పైకీ ఊగుతుంది. ఎంత ఊపితే దేవుడికి అంత బలమని నమ్మకం. వీధి సరిహద్దులో ఒక సంఘం పల్లకీని దించకుండా ఇంకో సంఘం భుజాలకి మార్చింది. ఆయన పక్కకి వచ్చి అంగీ జరిపి చూపించాడు. భుజం మీద నిమ్మకాయంత బొబ్బ. ఏళ్ల తరబడి మోసినవాళ్లకి అక్కడ కాయ కాసిపోతుందట.

ఆ భుజాలు తగ్గిపోతున్నాయన్న దిగులు వాళ్లకుంది. పాత ఇళ్లున్న చోట హోటళ్లు లేస్తున్నాయి. పిల్లలు వేరే చోట్ల కాపురాలు పెట్టారు. పల్లకీలకి ఇప్పుడు బయటి బృందాల నుంచి కూడా మనుషుల్ని పిలుచుకుంటున్నారు. యాత్రికులు పెరిగితే వీధికి డబ్బు వస్తుంది. కానీ రాత్రి చెక్కలు కొట్టే మనిషి యాత్రికుల్లోంచి రాడు.

అసకుసా నుంచి వచ్చాక మన ఊళ్లు గుర్తు చేసుకుంటే మనసు కలుక్కుమంది. 1885లో వనారస గోవిందరావు కడప జిల్లా సురభి గ్రామంలో మొదలుపెట్టిన నాటక కుటుంబాలు ఇంకా ఆడుతున్నాయి. వాటికి నెలనెలా టికెట్టు కొనే వీధి మనం ఇవ్వలేదు. హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌కీ, విజయవాడ గాంధీనగర్‌కీ సినిమా ఇచ్చిన సందడిని తలుచుకుని మురిసిపోతాం తప్ప, ఆ పేటల్ని చరిత్రగా కాపాడుకోవాలని అనుకోం. కట్టడం పోయినా కళ మళ్లీ లేస్తుందని అసకుసా రెండుసార్లు రుజువు చేసింది. చూసే మనుషులు పక్కనే కాపురముంటే చాలు.

టోక్యో వెళ్లేవాళ్లు అసకుసాలో సాయంత్రం దాకా ఉండండి, మొకుబాకాన్‌లో ఒక ఆట చూడండి. వెళ్లలేనివాళ్లు సురభి నాటకం మీ ఊరొచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ టికెట్లు కొని వెళ్లండి. పాసులు అడగకండి. ఆట అయ్యాక లోపలికి వెళ్లి, వేషం కట్టినవాళ్లని పేరడిగి పలకరించండి. వచ్చే ఏడాది మళ్లీ వెళ్లండి.